గేటుకు తగిలించిన కోటు

వసుంధర కంపెనీ క్యాంటీన్‌లో పెరుగన్నం తింటుండగా సార్జెంట్ మొరాన్ ఫోన్ చేశాడు. ఐర్లాండ్‌లోని ఈ అత్లోన్ ఊళ్ళో పోలీసులను గార్డులంటారు. గార్డుల దగ్గరి నుంచి పగటిపూట ఫోన్ వస్తే ఎవరికైనా ముందు ఇంటివాళ్ళే గుర్తొస్తారు. కూతురు వర్షిత బడిలో ఉంది. భర్త రఘువీర్ ఇంట్లో మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. అమ్మ వంటింట్లో ఉంటుంది. ముగ్గురినీ మనసులోనే ఒకసారి తడిమి చూసుకుని, "చెప్పండి" అంది.

"మీవాళ్ళంతా బాగానే ఉన్నారు, కంగారు పడకండి" అన్నాడాయన ముందుగానే. ఆయన కూతురూ వర్షితా ఒకే జట్టులో కామోగీ, హాకీలాంటి కర్రబంతి ఆట, ఆడతారు. వారాంతాల్లో వానలో మైదానం గట్టున కర్రలు, నీళ్ళ సీసాలు మోస్తూ నిలబడే తల్లిదండ్రుల పరిచయం వాళ్ళది. "ఒక సాయం కావాలి. వచ్చే గురువారం కోర్టులో ఇన్‌క్వెస్ట్ ఒకటి ఉంది. మొన్న వేసవిలో ట్రాక్టరు తిరగబడి ఒక రైతు పోయాడు, గుర్తుందా? మార్టిన్ కిల్రోయ్. పని చేస్తూ పోయిన మనిషి కాబట్టి జ్యూరీ కావాలి. చుట్టుపక్కల మనుషులను పోగేయడం మా వంతు. మీరిప్పుడు ఈ దేశ పౌరులే కదా. వచ్చి కూర్చుంటారా?"

"అక్కడ నేనేం చేయాలి?"

"వినాలి. ఆయన ఎలా పోయాడో తెలిసినవాళ్ళు చెప్పింది విని, చివరికి మీరంతా కలిసి ఒక మాట చెప్పాలి. టీ కూడా ఇస్తారు."

పౌరసత్వం తీసుకున్నప్పుడు వసుంధర అనుకున్నది వీసాల బాధ తప్పుతుందని మాత్రమే. ఇలాంటి పిలుపొకటి వస్తుందని ఆమెకు తోచనే లేదు. కాదనడానికి కారణమేదీ దొరక్క సరేనంది. ఫోన్ పక్కన పెట్టాక పెరుగన్నం డబ్బాకు మూత పెట్టేసింది. ఇన్‌క్వెస్ట్ అన్న ఆ ఇంగ్లీషు మాటకు తెలుగేమిటో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళ వయసులో విన్న మాట అది. పంచనామా.

సూర్యాపేటలో హైవే పక్కన ఆమె తండ్రి రాజగోపాల్‌కు లారీల రిపేరు షెడ్డు ఉండేది. స్నేహితుడు కృపారావుతో కలిసి నడిపేవాడు. ఒక రోజు మధ్యాహ్నం బడి వదిలి ఇంటికి వస్తున్న వసుంధరను ఎవరో వచ్చి పిలుచుకుపోయారు. షెడ్డు ముందు జనం. ఒక పక్కకు ఒరిగిన లారీ, కింద దుప్పటి కప్పిన మనిషి. పోలీసాయన లారీ మడ్‌గార్డు మీద కాగితాలు పెట్టుకుని రాస్తున్నాడు. అయిదుగురు పెద్దమనుషులు వరసగా వచ్చి సంతకాలు చేశారు. సైకిల్ షాపు ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేసి బొటనవేలిని జుట్టుకు తుడుచుకున్నాడు. జాకీ జారి లారీ మీద పడి చనిపోయాడు, ఎవరి మీదా అనుమానం లేదు. అదీ వాళ్ళు తేల్చిన సంగతి.

అమ్మ జానకమ్మ గోడవారగా నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా ఉంది. ఆమె భోజనం పట్టుకుని వస్తున్న దారిలోనే జనం పరుగెత్తుకుంటూ ఎదురొచ్చారు. పోలీసాయన గానీ ఆ అయిదుగురు గానీ ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. సాయంత్రం ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఏడుస్తుంటే జానకమ్మ ఒకే ఒక్కసారి అంది: "నల్లా నీళ్ళు ఆల్శమొచ్చినయి. వంట ఆల్శమైంది. డబ్బా జల్ది తెస్తే బయటికొచ్చి తింటుండె గదా." మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

అనకపోయినా వసుంధర దాన్ని రోజూ చూస్తూనే పెరిగింది. తర్వాత జానకమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి కంచాల్లో అన్నం పొగలు కక్కుతూ ఉండాల్సిందే. కట్టెలు తడిసినా, జ్వరం వచ్చినా, బియ్యం లారీ రాకపోయినా పక్కింట్లో అప్పు తెచ్చి వండేది తప్ప పిల్లలను కూర్చోబెట్టేది కాదు. ఆ హాస్టల్ అన్నంతోనే వసుంధర చదువుకుంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది, రఘువీర్‌ను చేసుకుని ఐర్లాండ్ వచ్చింది, అత్లోన్ యూనివర్సిటీలో ఇంకో కోర్సు చేసి ఊరి చివర మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం సంపాదించుకుంది. జానకమ్మ రిటైరయ్యాక మూడు నెలల కోసం కూతురి దగ్గరికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే వంటిల్లు ఆమె చేతికి వెళ్ళిపోయింది. ప్రెస్సుల్లో, అంటే అక్కడి వంటింటి అల్మారాల్లో, డబ్బాలన్నీ తన పద్ధతిలో సర్దుకుంది. మధ్యాహ్నమయ్యేసరికి మేడ మెట్ల దగ్గర నిలబడి, "అల్లుడూ, అన్నం" అని పిలిచేది. "అత్తమ్మ ఉన్నన్ని రోజులు నా మీటింగులన్నీ ఆమె టైముకే జరుగుతయి" అని రఘువీర్ నవ్వేవాడు.

ఆ సాయంత్రం వసుంధర జ్యూరీ సంగతి చెప్పింది. జానకమ్మ చపాతీ పిండి కలుపుతోంది.

"మనకెందుకు బిడ్డా పోలీసోళ్ళ పని?"

"పోలీసోళ్ళది కాదమ్మా. పంచనామా అసొంటిది. ఎట్ల సచ్చిపోయిండో తెలుసుకునేది."

జానకమ్మ చేయి పిండిలో ఆగింది. కాసేపటికి, "ఆడోళ్ళను గూడ పిలుస్తరా ఈడ?" అంది.

"పిలుస్తరు."

"పోయినాయన పెండ్లామును అడుగుతరా?"

"అడుగుతరనుకుంట."

జానకమ్మ పిండిని అవసరమైన దానికంటే చాలాసేపు పిసికింది.

గురువారం పొద్దున కోర్టులో ఏడుగురిని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. హీటర్ల వేడికి కిటికీలు చెమర్చాయి. జుట్టు కత్తిరించే దుకాణం నడిపే ఆవిడ, ఇద్దరు రైతులు, ఒక బస్సు డ్రైవరు, ఫార్మసీలో పని చేసే కుర్రది, రిటైరైన బడిపంతులు టామ్ ఫాలన్, వసుంధర. ఫాలన్‌నే అందరూ జ్యూరీకి పెద్దగా ఎన్నుకున్నారు. అంతకుముందు కూర్చున్న అనుభవం ఆయనకొక్కడికే ఉంది.

"మీకిది కొత్తా?" అని అడిగాడాయన వసుంధరకు టీ అందిస్తూ.

"కొత్తే. కానీ మా ఊళ్ళో ఇలాంటిది ఒకసారి చూశాను. చిన్నప్పుడు."

ఫాలన్ ఏమీ గుచ్చి అడగలేదు. తన సంగతి చెప్పుకొచ్చాడు. తమ ఊరి చరిత్ర రాద్దామని ఆయన లైబ్రరీలో పాత పత్రికలు తిరగేస్తున్నాడట. రెండు వందల యాభై ఏళ్ళ కిందటివి. వాటి నిండా ఇన్‌క్వెస్టులే. బావిలో పడిన పనిమనిషి, నిప్పంటుకున్న బట్టలతో పసిది, వాగు దాటుతూ కొట్టుకుపోయిన గుర్రపువాడు. "అప్పుడు కోర్టులూ గట్రా ఏవి? మనిషి ఎక్కడ పోతే అక్కడే. గడ్డివాములోనో, సారా దుకాణంలోనో శవాన్ని బల్ల మీద పడుకోబెట్టి, చుట్టుపక్కల పన్నెండు మందిని పిలిచేవాళ్ళు. వాళ్ళు శవాన్ని కళ్ళారా చూసి తీరాలి. మా ఊళ్ళోనే పొయ్యిలోకి పీటు మట్టిగడ్డలు మోసే బండి ఒకటి తన యజమాని మీద నుంచే పోయింది. జ్యూరీ వాళ్ళు ఏం తేల్చారో తెలుసా? బండి చక్రానిది తప్పు అని."

"చక్రానిదా?" అంది ఫార్మసీ అమ్మాయి నవ్వుతూ.

"నిజంగానే. అప్పటి చట్టం అది. ప్రాణం తీసిన వస్తువు రాజుగారి పరమైపోయేది. చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత అనిపించింది, ఆ బండి తోలింది అతని సొంత కొడుకు. చక్రం ఆ నేరాన్ని నెత్తిన వేసుకుని వెళ్ళిపోతే, ఆ కుర్రాడు రాత్రి ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని రెండు ముద్దలు తినగలిగి ఉంటాడు."

గార్డు వచ్చి లోపలికి రమ్మంది. అందరూ కప్పులు పెట్టేసి లేచారు.

మరణాల మీద విచారణ జరిపే అధికారిని కరోనర్ అంటారు. ఇక్కడి కరోనర్ నెరిసిన జుట్టు డాక్టరమ్మ. గొంతు పెంచకుండా మాట్లాడింది. మనిషి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా పోయాడు, ఈ నాలుగే మనం తేల్చాల్సినవి అని జ్యూరీకి చెప్పింది. "ఇక్కడ ఎవరి మీదా తప్పు మోపం. ఎవరి మీది తప్పునూ తీసేయం కూడా. అది ఈ గది పని కాదు."

నోరా కిల్రోయ్ ముందు వరసలో కొడుకు పక్కన కూర్చుంది. సన్నటి మనిషి, డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. నీలం కోటు గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుంది. ఆమె ముందే ఇచ్చిన వాంగ్మూలాన్ని గుమాస్తా చదివాడు. ఆ రోజు ఎండ కాసింది. మార్టిన్ పొద్దున్నే దిగువ పొలంలో తుంగ కోయడానికి ట్రాక్టరు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆ తర్వాత నడిచి వెళ్ళి చూస్తే కాలువ పక్కన ట్రాక్టరు బోర్లా పడి ఉంది.

"ఇదంతా సరైనదేనా మిసెస్ కిల్రోయ్? ఇంకేమైనా చెప్పాలా?"

"సరైనదే" అంది నోరా. కూర్చోబోయి మళ్ళీ నిలబడింది. "ఫోన్ చేశాను. రెండుసార్లు చేశాను. ఆయన ఆ వాలు మీద ఉంటాడని తెలుసు. తెలిసే చేశాను, అన్నం చల్లారిపోతోందని."

కొడుకు ఆమె మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. కరోనర్ మెత్తగా కృతజ్ఞతలు చెప్పి తర్వాతి సాక్షిని పిలిచింది. ఆ నాలుగు ప్రశ్నల్లో నోరా మాటకు చోటు లేదు.

వసుంధర తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. డాక్టరు నివేదిక చదివారు: ఛాతీ నలిగి క్షణంలో ప్రాణం పోయింది, బాధపడే వ్యవధి లేదు. తనిఖీ అధికారి వచ్చి, ట్రాక్టరు పాతదని, బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం దానికి లేదని చెప్పాడు. మొదట అక్కడికి చేరుకున్న గార్డు, పాతికేళ్ళ అమ్మాయి, తాను చూసింది చూసినట్టు చెప్పింది. వసుంధర చెవులకు ఇవన్నీ దూరం నుంచి వినబడుతున్నాయి. అన్నం చల్లారిపోతోందని. ఆ ఒక్క మాటే ఆమెను వదలడం లేదు. ఫోన్ మోగితే ఆయన జేబులో చేయి పెట్టబోయాడనీ, స్టీరింగు మీది చేయి తీశాడనీ ఆ ముసలావిడ ఎన్ని నెలలుగా అనుకుంటోందో. అది నిజమే కావచ్చు. నిజమైతే అడగడం వల్ల ఆ గాయం ఇంకా పెద్దదవుతుంది. అడగకపోతే ఈవిడ దాన్ని ఎక్కడికి మోసుకుపోతుందో వసుంధరకు బాగా తెలుసు.

"జ్యూరీ సభ్యులు అడగాల్సింది ఏమైనా ఉందా?" అంది కరోనర్.

వసుంధర చేయెత్తింది. తన ఉచ్చారణ వీళ్ళకు తెలుస్తుందో లేదో అన్న బెరుకు ఇన్నేళ్ళయినా పూర్తిగా పోలేదు. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి అడిగింది.

"గార్డు గారిని అడగాలి. ఆయన ఫోన్ ఎక్కడ దొరికింది?"

గార్డు అమ్మాయి కరోనర్ వైపు చూసింది. చెప్పమన్నట్టు కరోనర్ తలాడించింది.

"కోటులో ఉందండీ. కోటు గేటుకు తగిలించి ఉంది."

"ఏ గేటుకు?"

"రోడ్డు వైపు, ఎగువ పొలం గేటుకు. ప్రమాదం జరిగిన చోటుకు చాలా దూరం. మధ్యలో ఇంకో పొలం ఉంది. నేనే దాన్ని తీసి, ఆస్పత్రికి ఆయన వస్తువులతో పంపాను. తీసేటప్పుడు కూడా లోపల ఫోన్ మోగుతోంది, బంధువులెవరో చేస్తున్నారు. దగ్గరికి వెళ్ళేదాకా నాకే వినబడలేదు."

"అంటే, ఆయన దగ్గర ఫోన్ లేదు."

"లేదు. ట్రాక్టరు నడుస్తుండగా ఆ శబ్దం అంత దూరం వినబడదు కూడా."

నోరా కొడుకు వైపు తిరిగింది.

"కోటు ఆస్పత్రి వాళ్ళిచ్చిన సంచిలో ఉందన్నావు."

"సంచిలోనే ఉందమ్మా. అటక మీద పెట్టాను. నువ్వు చూస్తే తట్టుకోలేవని" అన్నాడు కొడుకు. యాభై ఏళ్ళ మనిషి ముఖం ఎర్రబడింది. "నువ్వు ఇలా అనుకుంటున్నావని నాకెలా తెలుస్తుంది? ఒక్క మాట చెప్పలేదు కదా."

"గేటుకు తగిలించాడా" అంది నోరా ఎవరితోనూ కాకుండా. "ఎండగా ఉంది కదా. ఎండ వస్తే కోటు విప్పేస్తాడు." మెడ దగ్గరి గుండీ ఒకటి తీసి, ఊపిరి లోపలికంటా పీల్చుకుంది.

తీర్పు కోసం జ్యూరీకి ఎక్కువసేపు పట్టలేదు. ప్రమాదవశాత్తు మరణం. పాత ట్రాక్టర్లకు ఇనుప చట్రం బిగించుకోవాలని ఇద్దరు రైతులూ సలహా చేర్చమంటే అదీ చేర్చారు. ఫాలన్ సంతకం పెట్టి, పెన్ను మూత బిగిస్తూ వసుంధరతో, "మంచి ప్రశ్న" అన్నాడు.

బయట వరండాలో నోరా ఆమె కోసం ఆగి ఉంది. దగ్గరికొచ్చి వసుంధర చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఏదో పెద్ద మాట అంటుందని వసుంధర భయపడింది.

"ఇంటికి చాలా దూరం పోవాలా మీరు?" అని అడిగింది నోరా.

"లేదు. ఇక్కడే, ఊళ్ళోనే."

"మంచిది. వాన పట్టేలోపు వెళ్ళిపోండి."

వసుంధర ఇంటికి వచ్చేసరికి జానకమ్మ తలుపు దగ్గరే ఉంది. కోటు విప్పనివ్వలేదు, చెప్పులు విడవనివ్వలేదు.

"అడిగిండ్రా ఆమెను?"

"అడిగిండ్రమ్మా."

వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పింది. ఫోన్ సంగతి, చల్లారిన అన్నం సంగతి, గేటు సంగతి. జానకమ్మ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక కొంగుతో బల్ల తుడిచింది. బల్ల మీద తుడవడానికి ఏమీ లేదు.

"అమ్మా" అంది వసుంధర. "నాన్న సంగతి నువ్వు ఎవల్నన్న అడిగినవా ఎప్పుడన్న?"

"ఏమని అడగాలె? డబ్బా నా చేతులనే ఉండె గద."

"కృపారావు మామ ఆడనే ఉండె. ఆయన్నన్న?"

"దినాలకు వచ్చిండు. మల్ల మన గల్లీకే రాలె. షెడ్డు ఎత్తేసి కోదాడ పోయిండు. నేనెందుకు అడుగుత?" జానకమ్మ లేచింది. "ఇప్పుడా ముచ్చటెందుకు? చాయ్ పెడ్త."

వసుంధర పట్టుబట్టలేదు. కృపారావు ఇప్పుడు మళ్ళీ సూర్యాపేటలోనే ఉంటున్నాడని, ఆ ఊళ్ళోనే ఉండే తన తమ్ముడు కారు ఆయన కొడుకు దగ్గరే బాగు చేయిస్తాడని మాత్రం చెప్పింది. ఆ రాత్రీ, మర్నాడూ, శనివారమంతా జానకమ్మ మాట్లాడకుండా తిరిగింది. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది. అందరూ అలాగే తిన్నారు.

ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ముందు గదిలోకి వచ్చి కూర్చుంది.

"గా కృపారావు ఫోను కలుపు" అంది.

తమ్ముడి దగ్గర నెంబరు తీసుకుని వసుంధర వాట్సాప్‌లో కలిపింది. తెర మీద మొదట ఒక సీలింగ్ ఫ్యాన్, తర్వాత సగం చెవి, ఆ తర్వాత తెల్లటి మీసాల ముసలాయన కనబడ్డాడు.

"ఎవరూ? జానకి వదినెనా?" కృపారావు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "వదినే. బాగున్నవా?"

"బాగున్న. నువ్వు బాగున్నవా? మోకాళ్ళు నొస్తున్నయట గద?"

మోకాళ్ళ గురించి, ఆయన భార్య షుగరు గురించి, మనవరాలి పెళ్ళి గురించి, ఐర్లాండ్ చలి గురించి మాట్లాడారు. జానకమ్మ అన్నీ అడిగింది, అడగాల్సింది తప్ప. వసుంధర పక్కన కూర్చుని తల్లి వీపు మీద చేయి వేసింది కానీ తనుగా నోరు తెరవలేదు. ఈ ప్రశ్న తాను అడిగేది కాదు.

మాటలు అయిపోయాయి. అప్పుడు జానకమ్మ గొంతు సవరించుకుంది.

"కృపారావ్. గా దినం ఆయన ఆకలితోనే పోయిండా?"

తెర మీది మనిషికి మొదట అర్థం కాలేదు. "ఆకలితోనా?"

"డబ్బా నేను ఆల్శం తెచ్చిన. నల్లా యాళ్ళకు రాలె. జల్ది తెస్తే లారీ కిందికెల్లి బయటికొచ్చి తింటుండె. కడుపుల ఏం లేకుండనే పోయిండని..." ఆమె ఆగిపోయింది.

కృపారావు కళ్ళద్దాలు తీసేశాడు.

"ఇదా వదినె, ఇన్నేండ్లు నువ్వు అనుకుంటున్నది? ఏసయ్యా." కాసేపు మీసాలు నిమురుకున్నాడు. "ఆకలెక్కడిది? గా లారీ ఓనరు మమ్ములను ఎదురుంగ హోటల్‌కు తీస్కపోయిండు. పరోటాలు, మటన్ కూర. అన్న కూర రెండోసారి వేయించుకున్నడు. 'జానకికి చెప్పకురా, డబ్బా తెస్తది, అది గూడ తినకుంటే అలుగుతది' అని నాకు చెప్పిండు గూడ. నవ్వుకుంట చెప్పిండు. పని అయినంకనే డబ్బా ఇప్పుత అన్నడు. నువ్వు జల్ది తెచ్చినా డబ్బా పక్కన పెట్టించి మల్ల కిందికే పోతుండె."

జానకమ్మ తెరకు ఇంకా దగ్గరగా జరిగింది.

"నువ్వు అడుగుతవని నేను భయపడ్డది వేరేది" అన్నాడు కృపారావు. "జాకీ పక్కన చెక్కదుంగ పెడదామన్న నేను. ఐదు నిమిషాల పనికి దుంగెందుకురా అన్నడు. నేను ఊకున్న. పట్టుబట్టి పెట్టకపోతినే అని. నీ మొకం ఎట్ల చూడాలె వదినె? అందుకే మీ గల్లీకి రాలె."

"పిచ్చోడా" అంది జానకమ్మ. "ఆయన ఎవల మాటన్న ఇన్నడా ఎప్పుడన్న? నా మాటే ఇనకపోవు."

వెనక ఎక్కడో సూర్యాపేట రోడ్డు మీద లారీ హారన్ వినిపిస్తోంది. సూర్యాపేట వచ్చినప్పుడు ఇంటికి రమ్మని ఆయన, నువ్వే భార్యను తీసుకుని భోజనానికి రావాలని ఈమె చెప్పుకున్నారు. ఫోన్ పెట్టేశాక జానకమ్మ తన ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. వసుంధర నీళ్ళ గ్లాసు తెచ్చింది. తల్లి ఏడుస్తుందనుకుంది.

"మటన్ కూర తిన్నడట" అంది జానకమ్మ.

"ఊఁ."

"గా దినం శనివారం. బడి ఒక్కపూట, నీకు గుర్తులేదా? శనివారం నీసు ముట్టనని ఎంకటేశ్వరస్వామి పటం ముందట నా చేతిల చెయ్యేసి ఒట్టు పెట్టిండు. ముట్టనన్నడు. రెండుసార్లు వేయించుకున్నడట, రెండుసార్లు." కోపంతో ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ముప్పై అయిదేళ్ళ కిందట చచ్చిపోయిన మనిషి మీద, నిన్ననే తప్పు చేసినట్టు మండిపడింది. "ఏం హోటలది? ఎదురుంగ అంటే రెడ్డి హోటలే గద? ఆడ కూర మస్తు కారం. ఆయనకు కారం పడకపోవు." అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపు ముంచుకొచ్చింది. వసుంధర భుజం మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూ కూడా మధ్యలో, "కడుపు నిండ తిన్నడు" అంది.

ఆటకని బయల్దేరిన వర్షిత గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో కర్ర, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. తెలుగు ఆమెకు అర్థమవుతుంది కానీ నోట్లోంచి అత్లోన్ ఇంగ్లీషే వస్తుంది. తాతయ్య గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడగా ఆమె వినలేదు. ఫోటోలో చూసిన మనిషి మాత్రమే. కర్ర గోడకు ఆనించి వచ్చి అమ్మమ్మ పాదాల దగ్గర కార్పెట్ మీద కూర్చుంది.

"అమ్మమ్మా, వాట్ వజ్ హీ లైక్?"

వసుంధర తెలుగులో చెబితే జానకమ్మ మనవరాలి వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఎట్లుంటుండెనా? ఎట్లుంటుండె అంటే..." అని ఆలోచించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మనిషిలా ఇల్లంతా ఒకసారి చూసింది. "మా పెండ్లయి అప్పగింతలైనంక బస్సెక్కినం. సుట్టాలందరు బస్సుల్నే ఉన్నరు. నడిమిట్ల, నకిరేకల్ దాటినంక బస్సు ఆగింది. డ్రైవరు దిగిండు, చూసిండు, చేతులెత్తేసిండు. నాకు పద్దెనిమిదేండ్లు. కొంగు నెత్తి మీద కప్పుకుని కూసున్న. అప్పటిదాంక మీ తాత మొకం సక్కగ చూడనేలె. పక్కన కూసున్నోడు లేచి పోయిండు. పట్టుపంచె, నుదుట బాసికం, మెడల దండ. అట్లనే బస్సు కిందికి దూరిండు. మా అత్త నెత్తి కొట్టుకున్నది. పెండ్లి బట్టలు బిడ్డా, ఇంటికి పోంగనే హారతియ్యాలె."

వసుంధర ఈ కథ ఎప్పుడూ వినలేదు. రఘువీర్ మెట్ల మీద ఆగి వింటున్నాడు.

"నేను కిటికీలకెల్లి చూస్తున్న. ఉత్త కాళ్ళు రెండు కనవడుతున్నయి, పారాణి పెట్టినయి. కింద పండుకుని ఈలేస్తున్నడు. నేను అనుకున్న, నా తల్లిదండ్రులు నన్ను ఎసొంటోనికి ఇచ్చిండ్రురా అని. బయటికొచ్చిండు. పంచె నిండ గ్రీసు. దండ నలిగింది. సీదా నా కిటికీ కాడికొచ్చి, నల్లటి చేతులు ఎనకకు పెట్టుకుని నిలవడ్డడు. 'దాహమైతుందా?' అన్నడు. గదే ఆయన నాతోని అన్న మొదటి మాట."

"అండ్ ద బస్? డిడ్ ఇట్ గో?" అంది వర్షిత.

"పోకేమైతది?" అంది జానకమ్మ. "మమ్ముల ఇల్లు చేర్చింది."